లైవ్ సర్వర్‌లో మాత్రమే వచ్చే ‘సిగ్నల్ 11’: తప్పు పీహెచ్‌పీదా, మనదా?

మీరు రాసినదాన్ని బట్టి నాకర్థమైంది ఇదీ. పీహెచ్‌పీ భాషలో రాసిన మీ సైట్‌కు లైవ్ సర్వర్‌లో రోజుకు నాలుగైదుసార్లు 502 (లోపలి నుంచి సరైన జవాబు రాలేదన్న ఎర్రర్) వస్తోంది. పీహెచ్‌పీ ఎర్రర్ లాగ్ చూస్తే ఖాళీ. సర్వర్‌లో పీహెచ్‌పీని నడిపే ఎఫ్‌పీఎం లాగ్‌లో మాత్రం ఫలానా చైల్డ్ (దాని కింద పనిచేసే ప్రాసెస్) సిగ్నల్ 11తో ఆగిపోయిందని ఒక్క లైను ఉంది. మీ ల్యాప్‌టాప్‌లో ఎన్నిసార్లు నడిపినా రాదు. ఇది పీహెచ్‌పీలోనే ఉన్న బగ్గా, అయితే పీహెచ్‌పీని రాసిన సి భాష అంతంతమాత్రంగా వచ్చినవాళ్లు దాన్ని సరిచేయగలరా అని అడిగారు. అచ్చంగా ఇదే తలనొప్పి నేనూ పడ్డాను. కొంచెం పెద్ద జవాబే అవుతుంది, ఓపిక పట్టండి.

సిగ్నల్ 11 అంటే సెగ్మెంటేషన్ ఫాల్ట్. ప్రోగ్రాం తనది కాని మెమరీని ముట్టుకుంటే ఆపరేటింగ్ సిస్టం దాన్ని అక్కడికక్కడే చంపేస్తుంది. మన పీహెచ్‌పీ కోడ్ ఎంత చెత్తగా ఉన్నా ఎర్రర్ రావాలే తప్ప దాన్ని నడిపే ఇంటర్‌ప్రెటరే కూలిపోకూడదు. కాబట్టి ఎవరో సి లో రాసినచోట తప్పుంది, అంతవరకూ నిజం. ఆ ఎవరో పీహెచ్‌పీ వాళ్లేనని మాత్రం ఇప్పుడే తేల్చేయకండి. నేను అలా తేల్చేసి ఒకసారి బాగా తల దించుకున్నాను.

అది పీహెచ్‌పీ 7.4 రోజుల్లో. కేటగిరీల చెట్టును చూపించే ఒక ఫంక్షన్ ఉండేది. ప్రతి కేటగిరీ పిల్లల్ని అర్రే మ్యాప్‌కు (జాబితాలో ఒక్కోదానిమీదా మనమిచ్చిన ఫంక్షన్‌ను నడిపేది) ఇచ్చి, దాని కాల్‌బ్యాక్‌లో, అంటే మనమిచ్చిన ఆ ఫంక్షన్‌లో, మళ్లీ అదే ఫంక్షన్‌ను పిలిచేవాళ్లం. ఒకరోజు క్రాష్. ‘పీహెచ్‌పీలో బగ్ పట్టేశాను’ అని రాత్రంతా కూర్చుని పెద్ద రిపోర్ట్ రాశాను. తీరా చూస్తే డేటాబేస్‌లో ఒక కేటగిరీకి దాని మనవడే తండ్రిగా నమోదై ఉన్నాడు! ఫంక్షన్ అంతులేకుండా తిరుగుతోంది. మరి అంతులేని రికర్షన్‌కు (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) మెమరీ అయిపోయిందన్న ఎర్రర్ రావాలి కదా, క్రాష్ ఎందుకయింది? అక్కడే నేర్చుకున్నాను. పీహెచ్‌పీ ఫంక్షన్ పీహెచ్‌పీ ఫంక్షన్‌ను నేరుగా పిలిస్తే ఇంజిన్ (మన కోడ్‌ను నడిపే పీహెచ్‌పీ లోపలి భాగం) తన సొంత స్టాక్ (పిలుపులను గుర్తుపెట్టుకునే మెమరీ) వాడుకుంటుంది, అది మెమరీ లిమిట్ లెక్కలోకి వస్తుంది, మర్యాదగా ఎర్రర్ వస్తుంది. మధ్యలో అర్రే మ్యాప్, యూసార్ట్ లాంటి సి ఫంక్షన్ దూరిందంటే ప్రతి మెట్టుకూ సి స్టాక్ ఖర్చవుతుంది. లైనక్స్‌లో అది మామూలుగా 8 ఎంబీ. మెమరీ లిమిట్ దాకా వెళ్లకముందే అది నిండిపోతుంది, అంతే సంగతులు.

2023 నవంబరులో వచ్చిన పీహెచ్‌పీ 8.3 నుంచి ఇంజిన్ స్టాక్ సైజును గమనిస్తూ ఉంటుంది. హద్దు దాటబోతే కూలిపోకుండా, ఇది అంతులేని రికర్షనా అని అడుగుతూ ఎర్రర్ విసురుతుంది. మీ వెర్షన్ ఎంతో మీరు చెప్పలేదు. 8.3 కంటే పాతదైతే ముందు ఈ సంగతే చూడండి.

రికర్షన్ కాకపోతే తర్వాతి అనుమానితులు ఎక్స్‌టెన్షన్లు, అంటే పీహెచ్‌పీకి తగిలించే అదనపు భాగాలు. జేఐటీ (కోడ్‌ను నడుస్తుండగానే మెషీన్ భాషలోకి మార్చేది) ఆన్ చేసి ఉంటే ముందు దాన్ని ఆపండి, తర్వాత ఓపీక్యాష్ (కంపైల్ అయిన కోడ్‌ను దాచిపెట్టుకునేది) ఆపండి, ఆ తర్వాత పీహెచ్‌పీతో పాటు రాని ఎక్స్‌టెన్షన్లను ఒక్కొక్కటిగా తీసేయండి. డీబగ్గర్లు, ప్రొఫైలర్లు, మానిటరింగ్ ఏజెంట్లు ఇంజిన్ లోపలికే చేయి పెడతాయి కాబట్టి వాటిమీద నాకెప్పుడూ ఒక కన్ను ఉంటుంది. కమాండ్ లైన్‌లో అయితే కాన్ఫిగరేషన్ ఫైల్ ఏదీ చదవకుండా నడిపే ఒక ఆప్షన్ ఉంది, హైఫన్ పక్కన చిన్న ‘ఎన్’. దాంతో క్రాష్ మాయమైతే సగం పని అయినట్టే. ఒకేసారి రెండు మార్పులు మాత్రం చేయకండి. లైవ్‌లో టెన్షన్‌లో ఉన్నప్పుడు అందరం చేసే పొరపాటు అదే. క్రాష్ ఆగుతుంది, ఎందుకు ఆగిందో తెలియదు, వారం తర్వాత మళ్లీ వస్తుంది.

పీహెచ్‌పీ ఆధారపడే లైబ్రరీలను కూడా మరవద్దు. ఇది క్రాష్ కథ కాదు కానీ చెప్పాలి. తెలుగు శీర్షికలను ఇన్ని అక్షరాలకు కత్తిరించాలని ఒక పని వచ్చింది. ‘తెలుగు’ అన్న మాటకు స్ట్ర్‌లెన్ 18 అంటుంది, ఎందుకంటే అది బైట్లు లెక్కపెడుతుంది. ఎంబీ స్ట్ర్‌లెన్ గుణింతం గుర్తులను విడిగా లెక్కేసి 6 అంటుంది. మనిషి లెక్కలో మూడే అక్షరాలు, ఆ 3 రావాలంటే గ్రాఫీమ్ ఫంక్షన్ వాడాలి. వాడాను, బాగుంది. తర్వాత ‘క్ష’ దగ్గర చిక్కొచ్చింది. ఒక మెషీన్‌లో 2, ఇంకో మెషీన్‌లో 1. రెండింట్లోనూ పీహెచ్‌పీ వెర్షన్ ఒకటే! బగ్ రాసేద్దామని చేయి పెట్టినవాణ్ణి, కేటగిరీల సంగతి గుర్తొచ్చి ఆగాను. ఆ లెక్క పీహెచ్‌పీ సొంతంగా చేయదు, యూనికోడ్ అక్షరాల పనులు చూసే ఐసీయూ లైబ్రరీని అడుగుతుంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో పొల్లుతో కలిసిన హల్లులను విడదీయకూడదని నియమం చేరింది. ఐసీయూ 74 దాన్ని అమలు చేసింది. ఒక మెషీన్‌లో పాత ఐసీయూ ఉంది, అంతే. పీహెచ్‌పీ ఇన్ఫో పేజీలో పీహెచ్‌పీ వెర్షన్ ఒక్కటే చూసి వదిలేయకండి, కింద లైబ్రరీల వెర్షన్లు కూడా చూడండి.

ఇక ఇవేవీ కాకపోతే నిజంగానే ఇంజిన్ దాకా వెళ్లాలి. నాకు జరిగిన రెండో కథ అదే, మీ కథకు చాలా దగ్గరగా ఉంది.

మాకూ లైవ్‌లో మాత్రమే వచ్చేది. ఎఫ్‌పీఎం పూల్ సెట్టింగుల్లో కోర్ ఫైల్ పరిమితి ఎత్తేసి, కోర్ డంప్ (కూలిన క్షణంలో మెమరీ నకలు) దొరికేలా చేశాను. దాన్ని జీడీబీ అనే డీబగ్గర్‌లో తెరిచి బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలుస్తూ కూలిందో చూపే జాబితా) చూస్తే ప్రతిసారీ వేరేచోట కూలుతోంది. ఒకసారి చెత్త ఏరివేతలో (వాడని మెమరీని వెనక్కి తీసుకునే పని), ఒకసారి ఏదో స్ట్రింగ్‌ను వదిలేటప్పుడు, ఇంకోసారి రిక్వెస్ట్ ముగింపులో. ఇలా చోటు మారుతూ ఉంటే అర్థం ఒకటే: మెమరీ పాడైంది ఇంకెక్కడో, ఇది పడిపోయిన చోటు మాత్రమే. బ్యాక్‌ట్రేస్ మొదటి లైను పట్టుకుని దొంగ దొరికాడనుకుంటే రోజులు వృథా. నావి రెండు రోజులు పోయాయి.

ఇలాంటివాటికి మందు అడ్రస్ శానిటైజర్, లేదా వాల్‌గ్రైండ్: మెమరీని తప్పుగా ముట్టుకుంటే పట్టిచ్చే పనిముట్లు. సోర్స్ దించుకుని, డీబగ్ ఆప్షన్‌తో, శానిటైజర్‌తో కంపైల్ చేయాలి. ఆటోకాన్ఫ్, బైసన్, ఆర్‌ఈటూసీ అనే బిల్డ్ పనిముట్లు ఉంటే ఇది అనుకున్నంత కష్టం కాదు. ముందు బిల్డ్‌కాన్ఫ్, తర్వాత కాన్ఫిగర్, తర్వాత మేక్. డీబగ్ బిల్డ్‌లో ఇంజిన్ తన లోపలి నమ్మకాలను కూడా పరీక్షించుకుంటుంది, చాలాసార్లు క్రాష్ కంటే ముందే అసర్షన్ తగిలి ఆగిపోతుంది. చాలామంది మరిచిపోయేది ఒకటుంది. పీహెచ్‌పీ తన మెమరీని ఆపరేటింగ్ సిస్టం నుంచి 2 ఎంబీ ముక్కలుగా తెచ్చుకుని లోపల తనే పంచుకుంటుంది. బయటినుంచి చూసే పనిముట్లకు ఆ పంపకాలు కనపడవు. అందుకే ‘యూజ్ జెండ్ అలాక్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు సున్నా ఇచ్చి నడపాలి. అప్పుడు ప్రతి కేటాయింపూ విడిగా జరుగుతుంది, వదిలేసిన మెమరీని ముట్టుకున్న క్షణంలోనే పట్టుబడుతుంది. ఈ చిన్న సంగతి తెలియక వాల్‌గ్రైండ్ ఏమీ చూపించడం లేదని మొదట నేను దాన్నే తిట్టుకున్నాను.

చివరికి బయటపడింది ఇదీ. పీహెచ్‌పీలో స్ట్రింగ్, అర్రే, ఆబ్జెక్ట్ లాంటివాటికి రిఫరెన్స్ కౌంట్ ఉంటుంది, ఎంతమంది పట్టుకున్నారో లెక్క. సున్నా అయితే మెమరీ వెనక్కి పోతుంది. ఇంజిన్ కొన్నిచోట్ల లెక్క పెంచకుండానే ఒక అర్రేను చూస్తూ ఉంటుంది, వేగం కోసం. మధ్యలో వార్నింగ్ ఇవ్వాల్సి వచ్చిందనుకోండి. మనం సొంత ఎర్రర్ హ్యాండ్లర్ పెట్టుకుని ఉంటే ఆ క్షణంలో మన పీహెచ్‌పీ కోడ్ నడుస్తుంది. మా హ్యాండ్లర్ ఏం చేసేదంటే, ఏ వార్నింగ్ వచ్చినా ఒక గ్లోబల్ క్యాష్‌ను ఖాళీ చేసేది. ఇంజిన్ అప్పుడు చూస్తున్న అర్రే అదే! హ్యాండ్లర్ ముగిసి ఇంజిన్ తిరిగొచ్చేసరికి కాలికింద నేల లేదు. లైవ్‌లోనే ఎందుకంటే ఆ హ్యాండ్లర్ లైవ్ కాన్ఫిగరేషన్‌లో మాత్రమే ఉంది. ల్యాప్‌టాప్‌లో వార్నింగ్ తెరమీద కనపడి ఊరుకునేది. మీరూ ముందు మీ రెండు కాన్ఫిగరేషన్లను పక్కపక్కన పెట్టి తేడాలు చూడండి. ఎర్రర్ హ్యాండ్లర్, డిస్ట్రక్టర్, సార్ట్ కాల్‌బ్యాక్: ఇంజిన్ పనిలో ఉండగా మన కోడ్ దూరే ఇలాంటి ద్వారాల దగ్గరే ఈ రకం బగ్‌లు ఎక్కువగా దొరుకుతాయి.

నిజానికి ఎక్కువ కాలం పట్టింది శానిటైజర్‌తో కాదు, స్క్రిప్ట్‌ను చిన్నది చేయడంతో. మొత్తం అప్లికేషన్‌ను ఎవరికీ పంపలేం కదా. డేటాబేస్ నుంచి వచ్చే వరుసలను మామూలు అర్రేగా ఫైల్‌లో రాసేశాను. ఫ్రేమ్‌వర్క్ తీసేశాను. తర్వాత సగం కోడ్ కొట్టేయడం, నడపడం, క్రాష్ ఉంటే ఆ సగం అక్కర్లేదని వదిలేయడం, లేకపోతే వెనక్కి తెచ్చి మిగతా సగం కొట్టేయడం. మూడు సాయంత్రాలు పట్టింది. చివరికి 14 లైన్లు మిగిలాయి. ఇంకొక్క లైను తీసినా క్రాష్ రాదు అన్నచోట ఆగాలి. అప్పటికి బగ్ ఏమిటో సగం నాకే అర్థమైపోయింది. అలాంటి చిన్న స్క్రిప్ట్‌ను 3వీ4ఎల్ అనే సైట్‌లో పెడితే ఎన్నో వెర్షన్లలో ఒకేసారి నడిపి చూపిస్తుంది. ఒక వెర్షన్ దాకా బాగుండి తర్వాత చెడిందని తెలిస్తే గిట్ బైసెక్ట్‌తో ఏ కమిట్‌లో (కోడ్ మార్పులో) చెడిందో కూడా పట్టుకోవచ్చు.

రిపోర్ట్ ఎక్కడ రాయాలంటే, ఇప్పుడు గిట్‌హబ్‌లోనే. 2021 మార్చిలో పీహెచ్‌పీ సొంత గిట్ సర్వర్‌లోకి ఎవరో దొంగ కమిట్లు చొప్పించారు, అదీ అక్షర దోషం సరిచేస్తున్నట్టు నటిస్తూ! వెంటనే పట్టుబడ్డాయి గానీ, ఆ దెబ్బకు సోర్స్ గిట్‌హబ్‌కు మారింది, అదే ఏడాది చివర్లో బగ్‌లూ అక్కడికే వచ్చాయి. ఒక జాగ్రత్త: బయటివాళ్లు పంపే ఇన్‌పుట్‌తోనే మీ సర్వర్‌ను కూల్చగలిగేలా ఉంటే దాన్ని బహిరంగంగా రాయకండి. సెక్యూరిటీ రిపోర్ట్‌లకు అక్కడే ప్రైవేట్ దారి ఉంది.

సి రాకపోవడం గురించి. నాకూ కాలేజీలో నేర్చుకున్నంతే వచ్చు. పీహెచ్‌పీ సోర్స్ తెరిస్తే కనపడేది సి కంటే మాక్రోలే (కోడ్ ముక్కలకు పెట్టిన పొట్టి పేర్లు) ఎక్కువ, మొదటి వారం ఏదీ అర్థం కాలేదు. (రెండు కోలన్ల జంట గుర్తుకు సోర్స్‌లో ‘పామాయిమ్ నెకుడోతాయిమ్’ అని పేరుంటుంది, భయపడకండి, అది హీబ్రూలో ‘డబుల్ కోలన్’. 1998లో వచ్చిన పీహెచ్‌పీ 3ను తిరగరాసిన జీవ్ సురాస్కీ, ఆండీ గుట్‌మన్స్ ఇజ్రాయెల్ వాళ్లు.) అయినా సి రాకుండానే చేయగల పని ఒకటుంది, టెస్ట్ రాయడం. పీహెచ్‌పీ టెస్ట్ అంటే పీహెచ్‌పీటీ ఎక్స్‌టెన్షన్ ఉన్న మామూలు టెక్స్ట్ ఫైల్. టెస్ట్ అన్న శీర్షిక కింద ఒక లైను వివరణ, ఫైల్ అన్న శీర్షిక కింద మీ చిన్న స్క్రిప్ట్, ఎక్స్‌పెక్ట్ అన్న శీర్షిక కింద రావాల్సిన అవుట్‌పుట్. అంతే. బగ్‌ను సరిచేసే ప్రతి ప్యాచ్‌తోనూ ఇలాంటి ఫైల్ ఉండాలి, మీరిస్తే సరిచేసేవాళ్లకు సగం శ్రమ తగ్గుతుంది.

నా బగ్‌కు ప్యాచ్ నేనే రాశాను. వార్నింగ్ ఇచ్చే ముందు అర్రే లెక్క ఒకటి పెంచి, వచ్చాక తగ్గించి, ఈలోగా అందరూ వదిలేశారని తేలితే పని ఆపేయడం. నాలుగు లైన్లు. పక్క ఫంక్షన్లో అదే పద్ధతి కనపడితే చూసి రాసిందే, నా ప్రతిభేమీ లేదు. దాన్ని మాస్టర్ బ్రాంచ్ (రాబోయే వెర్షన్ తయారయ్యే కోడ్) మీద పంపాను, మర్యాదగానే తిప్పి పంపారు. బగ్ ఫిక్స్‌లను, సెక్యూరిటీ సవరణలే కాక మామూలు బగ్ ఫిక్స్‌లూ ఇంకా అందుతున్న వెర్షన్లలో అన్నింటికంటే పాతదాని మీద పంపాలి, అక్కడినుంచి వాళ్లే పైకి కలుపుకుంటూ వస్తారు. అదే, భాష నడిచే తీరు మార్చాలంటే మాత్రం వేరే దారి. ఆర్‌ఎఫ్‌సీ (మార్పు ప్రతిపాదన పత్రం) రాయాలి, చర్చ జరగాలి, ఓటింగ్‌లో మూడింట రెండు వంతులు రావాలి. సున్నాను మామూలు మాటతో పోలిస్తే ‘సమానం’ అనే పాత వింత 2020లో 8.0 వచ్చేదాకా అలాగే ఉండిపోయిందంటే కారణం, దానిమీద ఆధారపడ్డ పాత కోడ్ అంత ఉంది మరి.

ప్రస్తుతానికి మీ పీహెచ్‌పీ వెర్షన్, లోడ్ అయిన ఎక్స్‌టెన్షన్ల జాబితా, ఓపీక్యాష్, జేఐటీ సెట్టింగులు, వీలైతే రెండు మూడు కోర్ ఫైళ్ల బ్యాక్‌ట్రేస్‌లు ఇక్కడ పెట్టండి. పాస్‌వర్డ్‌లు, కస్టమర్ల వివరాలు బ్యాక్‌ట్రేస్‌లో కనపడతాయి, పెట్టేముందు చెరిపేయండి. కోర్ ఫైల్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి. బ్యాక్‌ట్రేస్‌లు అన్నీ ఒకేచోట ఆగుతున్నాయా, చోట్లు మారుతున్నాయా అన్నది చూస్తే తర్వాత ఎటు వెళ్లాలో చెప్పగలను.