పొలం అమ్మకం కథ ఎందుకు రాయలేదు?

అనంతపురం

అబ్బీ,

నువ్వు పంపిన కథలన్నీ చదివాను. నీకు చెయ్యి తిరిగింది, అందులో అనుమానం లేదు. గూగూడు పీర్ల పండగలో గుండం దగ్గర ఉప్పు చల్లే మనిషిని రాశావే, ఆ నాలుగు వాక్యాలు చాలు, నువ్వు కళ్ళున్నవాడివని చెప్పడానికి.

అయితే ఒకటి గమనించావా? ఏ కథలోనూ నీకు పదేళ్ళు దాటలేదు. ముప్పై నాలుగేళ్ళవాడివి, బెంగుళూరులో ఉద్యోగం, పెళ్ళయింది, పాప బడికి పోతోంది. కథలోకి వచ్చేసరికి మాత్రం నిక్కరు తొడుక్కుని నిలబడతావు.

ఇది నీ ఒక్కడి సంగతే కాదులే. పాత సినిమాలు మళ్ళీ విడుదలైతే నలభై ఏళ్ళవాళ్ళు తెర ముందు కాగితాలు ఎగరేస్తున్నారు. ఫోన్ తెరిస్తే ‘మా చిన్నప్పుడు’ రీల్సే. ఈఎంఐలు, ఆఫీసు టెన్షన్ల మధ్య కాసేపు అట్లా పోయి వస్తే తప్పేముంది? పదేళ్ళ నుంచి ముప్పై ఏళ్ళ దాకా జరిగినవే మనిషికి గట్టిగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రం కూడా చెబుతోంది. కానీ గుర్తుండటం వేరు, అక్కడే కాపురం పెట్టడం వేరు. రాసేవాడు కాపురం పెడితే కథలో మిగతా మనుషులకు చోటుండదు.

శెనక్కాయలు వలిచే కథే తీసుకుందాం. అదును ముందు వాకిట్లో చాపలేసుకుని ఇంటిల్లిపాదీ కూర్చోవడం, అవ్వ కథ చెబుతుంటే నువ్వు గింజలు నోట్లో వేసుకోవడం. చదువుతుంటే హాయిగా ఉంది. మరి ఆ కాయలు ఎక్కడివి? సబ్సిడీ విత్తనాల కోసం మీ నాయన పాసుబుక్కు పట్టుకుని తెల్లవారకముందే లైన్లో నిలబడ్డాడా? లేకపోతే నూటికి మూడు వడ్డీకి అప్పు చేసి తెచ్చాడా? అన్ని మూటలు వలిస్తే బొటనవేలి గోరు దగ్గర చర్మం లేచిపోతుంది. ఆ వేలితోనే పొద్దున్నే ఊరిబిండి పచ్చడి నూరాలి, కారం తగిలితే ప్రాణం పోతుంది. మీ అమ్మ చాపమీద కూర్చున్నట్టు రాశావు గానీ ఆమె చేతులు నీ కథలో ఎక్కడా లేవు. అప్పుడు ఆమెకు ఎన్నేళ్ళుంటాయి? లెక్కేసుకో. ఇరవై ఎనిమిదో, ముప్పయ్యో. ఇప్పటి నీకంటే చిన్నది. ఆ వయసుకే ఆమె ఇంటిబరువు మోసింది కాబట్టి నువ్వు గింజలు తింటూ కథ విన్నావు.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. అదీ అదునుకు పడదు. ఆ వానను నమ్ముకునే లక్షల ఎకరాల్లో ఏటేటా శెనక్కాయ వేశారు మనవాళ్ళు. ఆ భయం మీ వాకిట్లోకి రాకపోతే, అది ఏ జిల్లా వాకిలైనా ఒకటే.

చందమామ పత్రిక రావడం లేదని ఒక కథంతా ఏడ్చావు. 1947లో దాన్ని చక్రపాణితో కలిసి మొదలుపెట్టిన నాగిరెడ్డిది మన కడప జిల్లా పొట్టిపాడు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా అందులో పనిచేసిన కొడవటిగంటి కుటుంబరావు, పిల్లల కథలు తిరగరాస్తూనే మరోపక్క పెళ్ళిళ్ళ గురించి, ఉద్యోగాల గురించి, ఇళ్ళల్లో డబ్బు ఆడించే ఆటల గురించి నిర్మొహమాటంగా రాశాడు. నీ బాల్యానికి అంత రుచి పెట్టింది అట్లాంటి గడుసు పెద్దవాళ్ళు. నువ్వు వాళ్ళ పాఠకుడిగానే ఉండిపోతానంటే ఎట్లా?

కర్నూలు వైపు సంగమేశ్వరం ఎప్పుడైనా పోయావా? శ్రీశైలం నీళ్ళలో మునిగిన గుడి, ఎండాకాలం నీళ్ళు తగ్గితే బయటపడుతుంది. జనం పడవల్లో వచ్చి ఫొటోలు దిగిపోతుంటారు. అక్కడ ఒక పెద్దాయన కలిశాడు నాకు. 1981లో శ్రీశైలం డ్యాం కోసం ఊరు ఖాళీ చేసి పోవాల్సి వచ్చినవాళ్ళలో ఒకడు. ఈత కొట్టిన సంగతులు చెబుతాడేమో అనుకున్నాను. ఆయన మాత్రం గుడివైపు నుంచి చెయ్యి చాపి, తన చేను ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉండేదో చూపించాడు. తరవాత పరిహారం ఎంతిచ్చారో, పక్కచేను వాడికి ఎంతొచ్చిందో చెప్పి బూతులు తిట్టాడు. ఊరిమీద అంత ప్రేమ ఉన్న మాటలు నేను ఈమధ్య ఏ కథలోనూ చదవలేదు.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరం చివర, సంతకానికి కిందుగా, రెండు ముక్కలు గీకావు. ‘నాయన పొలం అమ్ముతానంటున్నాడు సార్, సంతకానికి రమ్మంటే నేను పోలేదు. అమ్మేస్తే నా చిన్నతనం పోతుందని భయం.’ కథలన్నిటినీ పక్కన పెట్టి ఆ రెండు ముక్కలే మళ్ళీ మళ్ళీ చదివాను. డెబ్భై ఏళ్ళ మనిషి, ఎండిన బోరు, అప్పు. నీ జ్ఞాపకాలకు ఆయన కాపలా ఉండాలా? నువ్వు బొంగరం ఆడిన గట్టు అట్లే ఉండాలంటే ఆ గట్టుమీద పొద్దుగూకులూ నడిచేది ఆయన మోకాళ్ళు. కోపం తెచ్చుకోవద్దు. ఇంత మంచి కథ చేతిలో పెట్టుకుని తాటిముంజెల బండి గురించి రాస్తున్నావే అని నా బాధ.

ఇది రాసేటప్పుడు నిన్ను నువ్వు మంచివాణ్ణి చేసుకోవద్దు. పోలేదు కదా, పోలేదనే రాయి. ఫోన్లో ఏం సాకు చెప్పావో అదే మాట పెట్టు. మీ అక్కకు ఆ పొలంలో భాగం ఉందా? ఆమె ఏమంటోంది? నీ కథల్లో అక్క ఎప్పుడూ గచ్చకాయలే ఆడుతుంది పాపం, ఆమెకు కూడా నలభై దగ్గర పడి ఉంటాయి. ఉపమానాలు తగ్గించు. ‘ఆ రోజులే వేరు’ అన్న వాక్యం ఎక్కడ కనబడినా కొట్టెయ్.

ముందు మీ నాయనకు ఫోన్ చెయ్. బోరు అప్పు ఎంత మిగిలిందో అడుగు, కథ కోసం అయినా సరే. అడిగిన తరవాత బస్సెక్కుతావో, కాగితాల ముందు కూర్చుంటావో నీ ఇష్టం. రాస్తే మాత్రం మొదటి పేజీలోనే ఎకరా ఎంతకు పోతోందో, కొనేవాడు చీనీ (బత్తాయి) చెట్లు పెడతాడో ప్లాట్లు వేస్తాడో తేల్చి రాసి పంపు.

ఆశీస్సులతో
మీ సార్