టెక్ సందేహాలు: పాత ఎంమ్యాప్ ఫంక్షన్‌ను తీసేయొచ్చా?

ప్రశ్న: ఒంగోలులో బీటెక్ ఫైనలియర్ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం లినక్స్‌లో చిన్న ఫైల్‌సిస్టమ్ (డిస్క్‌లో ఫైళ్లను సర్దే) మాడ్యూల్ రాస్తున్నాం. సీనియర్లు ఇచ్చిన కోడ్‌లో ఎంమ్యాప్ ఫంక్షనే (ఫైల్‌ను ప్రోగ్రాం మెమరీ చిరునామాలకు జోడించేది, ఆ జోడింపే మ్యాపింగ్) 40 లైన్లుంది. కొత్త కెర్నల్‌లో (లినక్స్ గుండె లాంటి భాగం) ఎంమ్యాప్ ప్రిపేర్ అని ఇంకొకటి కనిపిస్తోంది. రెండూ ఉంచాలా? రివ్యూ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: రెండూ ఉంచకండి. ఉంచితే కెర్నల్ హెచ్చరిక రాసి, అసలు మ్యాపింగే ఇవ్వదు. పాతది తీసేయండి. ఎందుకు తీసేశారో తెలిస్తే రివ్యూలో ధైర్యంగా చెప్పగలరు.

ఎంమ్యాప్ చేయగానే ఫైల్ మొత్తం మెమరీలోకి రాదు. ప్రోగ్రాం ఆ చిరునామాను ముట్టుకున్నప్పుడు పేజ్ ఫాల్ట్ (ఆ పేజీ ఇంకా జతకాలేదన్న సంకేతం) వస్తుంది, అప్పటికి లేకపోతే ఆ పేజీ, తరచూ పక్క పేజీలతో కలిసి, పేజ్ క్యాష్‌లోకి (ఫైల్ పేజీలను కెర్నల్ ఉంచుకునే మెమరీ) చేరుతుంది. మామూలు ల్యాప్‌టాప్‌లో పేజీ అంటే 4096 బైట్లు.

పాత పద్ధతిలో కెర్నల్ సగం కట్టిన మ్యాపింగ్‌ను ఫైల్‌సిస్టమ్ చేతిలో పెట్టేది. అది ఏమైనా మార్చొచ్చు, మధ్యలో ఎర్రర్ ఇచ్చి తప్పుకోనూవచ్చు. అప్పటిదాకా చేసినదంతా వెనక్కి తీయడం కెర్నల్‌కు కత్తిమీద సామే. పొలం రిజిస్ట్రేషన్‌లో సంతకాలు మొదలయ్యాక హద్దులు మార్చమంటే ఎలా ఉంటుందో అలా! 2025లో వచ్చిన 6.16 కెర్నల్ నుంచి, ఎంమ్యాప్ ప్రిపేర్‌లో కెర్నల్ ముందుగా మ్యాపింగ్ డ్రాఫ్ట్ చూపిస్తుంది, మార్పులుంటే అందులోనే చెప్పాలి. అందుకే ఈ కొత్త ఫంక్షన్‌లో రిఫరెన్స్ కౌంట్ (ఒకదాన్ని ఎందరు వాడుతున్నారన్న లెక్క) పెంచడం, మెమరీ తీసుకోవడం లాంటివి చేయొద్దు. తర్వాత మ్యాపింగ్ ఫెయిలైనా, పక్క మ్యాపింగ్‌లో కలిసిపోయినా మీకు కబురు రాదు.

మీ ఫైళ్లు పేజ్ క్యాష్ మీదుగానే నడుస్తుంటే, ఆ 40 లైన్ల బదులు కెర్నల్‌లోనే ఉన్న జెనరిక్ ఫంక్షన్ సరిపోతుంది.

కానీ పేజ్ ఎంకేరైట్ అనే ఫంక్షన్ ఉంటే దాన్ని మాత్రం తొందరపడి కొట్టేయకండి. ఫైల్ మధ్యలో ఇంకా బ్లాక్ కేటాయించని ఖాళీ ఉందనుకోండి. ప్రోగ్రాం అక్కడ ఒక బైటు రాస్తే, డిస్క్‌లో చోటు ఆ క్షణంలోనే పట్టి ఉంచేది ఈ ఫంక్షనే. అది లేకపోతే రాత మెమరీలో బాగానే కనిపిస్తుంది. కాసేపటికి డిస్క్‌కు పంపేటప్పుడు చోటు లేదని తేలుతుంది. అప్పటికి ప్రోగ్రాం తన దారిన తాను పోయి ఉంటుంది, డేటా గల్లంతు. నా దృష్టిలో మీ ప్రాజెక్టులో అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సిన చోటు ఇదే. చిన్న డిస్క్ ఇమేజ్‌ను నిండా నింపి, మ్యాప్ చేసిన ఖాళీలో రాసి చూడండి. బస్ ఎర్రర్ (ఆ చిరునామా వాడలేవంటూ కెర్నల్ ప్రోగ్రాంను ఆపే సంకేతం) వచ్చిందంటే కోడ్ సరిగా పనిచేస్తున్నట్టే.

ప్రశ్న: ఇందుకూరుపేట దగ్గర మా రొయ్యల గుంటల్లో ఆక్సిజన్ రీడింగులు ఒక లాగ్ ఫైల్‌లో పడతాయి. నేను రాసిన ప్రోగ్రాం దాన్ని ఎంమ్యాప్‌తో చదువుతుంది. రోజూ అర్ధరాత్రి లాగ్ ఖాళీ చేసే స్క్రిప్టు నడవగానే బస్ ఎర్రర్‌తో ఆగిపోతోంది.

జవాబు: గుంటలో ఆక్సిజన్ పడిపోయేది కూడా రాత్రి పూటే కదా, ఈ పని రేపటికి వాయిదా వేయకండి. మీ ప్రోగ్రాం చదువుతుండగానే స్క్రిప్టు ఫైల్‌ను సున్నా సైజుకు కోసేస్తోంది. ఫైల్ చివర దాటిన పేజీని ముట్టుకుంటే కెర్నల్ ఇచ్చేది బస్ ఎర్రరే. స్క్రిప్టులో ఖాళీ చేసే లైను తీసేసి, పాత ఫైల్ పేరు మార్చి, కొత్త ఫైల్ తెరిచేలా రాయండి. రీడింగులు రాసే ప్రోగ్రాం కూడా కొత్త ఫైల్‌కు మారాలి. మీ మ్యాపింగ్ మాత్రం పాత ఫైల్‌నే పట్టుకుని ఉంటుంది కాబట్టి ఆగిపోదు. ఆ తర్వాత తీరిగ్గా కొత్తదాన్ని మ్యాప్ చేసుకోవచ్చు.