ట్రాన్స్‌ఫర్మేషన్ టీమ్‌లోకి రమ్మంటున్నారు, వెళ్లొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీఏ చేసి హైదరాబాద్‌లో వంటింటి సామాను ఆన్‌లైన్‌లో అమ్మే కంపెనీలో రెండేళ్లుగా కొనుగోళ్ల విభాగంలో పనిచేస్తోంది. ఈ రెండేళ్లలో కంపెనీ గోడౌన్లు మూడు నుంచి పదకొండయ్యాయి. ఇప్పుడు ఎక్సెల్, టాలీ వదిలేసి, కొనుగోళ్లు, స్టాక్, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేర్‌కి మారుతున్నారట. ఏడాదిన్నర పాటు ‘బిజినెస్ ట్రాన్స్‌ఫర్మేషన్’ టీమ్‌లో పనిచేయమంటున్నారు. ఆ ప్రాజెక్టు ఫెయిలైతే ఉద్యోగానికే ఎసరు వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. పంపమంటారా?
- ఒక తండ్రి, తెనాలి

జవాబు: పంపండి. అయితే ఆ టీమ్‌లో తన పని ఏమిటో ముందే తేల్చుకుని వెళ్లమనండి. మీ భయం ఊరికే వచ్చింది కాదు. ఇలాంటి ప్రాజెక్టులతో ఎంతో పెద్ద కంపెనీలే దెబ్బతిన్నాయి. ఎక్కడ దెబ్బతిన్నాయో చూస్తే, మీ అమ్మాయిని ఎందుకు పిలుస్తున్నారో కూడా తెలుస్తుంది.

అమెరికాలో పేరున్న రిటైల్ కంపెనీ టార్గెట్, 2011లో కెనడాకు వెళ్లాలని నిర్ణయించి అక్కడి జెల్లర్స్ దుకాణాల లీజులను సుమారు 180 కోట్ల కెనడా డాలర్లకు కొంది. 2013 మార్చిలో మొదటి స్టోర్లు తెరిచి, ఆ ఏడాది చివరికల్లా 124కు చేరింది. కొత్త దేశం, కొత్తగా పెట్టిన ఎస్‌ఏపీ, ముందే ప్రకటించేసిన ప్రారంభ తేదీలు. వేల వస్తువుల వివరాలను హడావిడిగా సిస్టమ్‌లోకి ఎక్కించారు. సెంటీమీటర్లలో ఉండాల్సిన కొలతలు అంగుళాల్లో పడ్డాయి, పొడవు వెడల్పులు తారుమారయ్యాయి. పెట్టె కొలత తప్పయితే లారీలో ఎన్ని పడతాయి, అరలో ఎన్ని పడతాయి అని సిస్టమ్ వేసే ప్రతి లెక్కా తప్పుతుంది. గోడౌన్లు సరుకుతో కిక్కిరిసిపోయాయి, దుకాణాల్లో అరలు మాత్రం ఖాళీ. స్టాక్ లేదన్న సంగతి రిపోర్టుల్లో కనబడకుండా కొందరు ఉద్యోగులు కొన్ని వస్తువులకు ఆటోమేటిక్ ఆర్డర్‌నే ఆపేశారని కూడా తర్వాత బయటపడింది. అమెరికాతో పోలిస్తే ధరలు ఎక్కువన్న అసంతృప్తి లాంటి కారణాలూ తోడయ్యాయి. 2015 జనవరిలో మొత్తం 133 దుకాణాలూ మూసేస్తున్నామని ప్రకటించారు. 17 వేలమందికి పైగా ఉద్యోగులు రోడ్డున పడ్డారు.

అదే సాఫ్ట్‌వేర్ ఎన్నో కంపెనీల్లో చక్కగా నడుస్తోంది. ఇక్కడ లోటంతా సరుకు గురించి తెలిసిన వాళ్ల మాటకు బలం లేకపోవడంలోనే ఉందని నా అభిప్రాయం. ‘ఈ వివరాలు తప్పు, ఇవి సరిచేసే దాకా తేదీ వాయిదా వేయండి’ అని ఒకరు చెప్పాలి, దాన్ని పైవాళ్లు వినాలి.

జర్మనీ కంపెనీ లిడ్ల్‌ది ఇంకో రకం పొరపాటు. స్టాక్ విలువను కొన్న ధర మీద లెక్కవేయడం వాళ్ల అలవాటు, ఎస్‌ఏపీ రిటైల్ ప్యాకేజీలో ఆ లెక్క అమ్మకం ధర మీద ఉంటుంది. అలవాటు మార్చుకోకుండా సాఫ్ట్‌వేర్‌నే మార్చుకుంటూ పోయారు. 2011లో మొదలైన ప్రాజెక్టును 2018లో ఆపేశారు. ఖర్చు సుమారు 50 కోట్ల యూరోలని అప్పట్లో వార్తలొచ్చాయి.

ఇక మీ అమ్మాయి కంపెనీకి వద్దాం. వేగంగా పెరిగిన చోట పని పద్ధతి కాగితం మీద ఉండదు, మనుషుల బుర్రల్లో ఉంటుంది. మూడు గోడౌన్లున్నప్పుడు ఒక ఫోన్‌తో పని అయిపోయేది. పదకొండు అయ్యేసరికి ఒకే కుక్కర్‌కి తలా ఒక పేరు, తలా ఒక కోడ్ వచ్చి ఉంటాయి. ఏ సప్లయర్ సరుకు తక్కువ పంపుతాడు, ఎవరి బిల్లు ఆర్డర్ నంబర్ లేకుండా వస్తుంది, జీఎస్టీ దగ్గర పేచీ ఎక్కడ పడుతుంది అన్నది బయటి నుంచి వచ్చే కన్సల్టెంట్‌కి తెలియదు. రెండేళ్లుగా ఆ బిల్లులతో కుస్తీ పట్టిన మీ అమ్మాయికి తెలుసు. మార్పు నిలబడేది అలాంటి వాళ్ల మీదే.

అందుకే ఒప్పుకునే ముందు మేనేజర్‌ని ఒక మాట సూటిగా అడగమనండి: పాత పని ఎవరికి అప్పగిస్తున్నారు? ‘రెండూ చూసుకో’ అంటే ఒప్పుకోవద్దు. పెరుగుతున్న కంపెనీల్లో మనుషుల కొరత ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఈ మాట చాలా మామూలుగా అనేస్తారు. పగలు కొనుగోళ్లు, రాత్రి ప్రాజెక్టు అయితే ఆరు నెలలు తిరక్కముందే మనిషి అలిసిపోతుంది, డేటా తప్పులూ అక్కడే పుడతాయి. ప్రాజెక్టు బాధ్యత ఐటీ హెడ్ ఒక్కరిదేనా, ఆపరేషన్స్ హెడ్‌కి కూడా ఉందా అని కూడా కనుక్కోవాలి. ఐటీ వాళ్లదే అయితే గోడౌన్ వాళ్లు దాన్ని తమ పనిగా తీసుకోరు, గో-లైవ్ అయిన (అంటే కొత్త సిస్టమ్‌తో అసలు పని మొదలైన) వారానికే మళ్లీ ఎక్సెల్ తెరుస్తారు. డేటా సరిచేయడానికి ప్లాన్‌లో విడిగా సమయం ఇచ్చారా, టెస్టింగ్‌లో గోడౌన్ సిబ్బందిని కూర్చోబెడుతున్నారా అన్నవి కూడా అడగాలి.

కోర్సుల గురించి: అమీర్‌పేటలో ఎస్‌ఏపీ కోచింగ్‌కి ఇప్పుడే డబ్బు కట్టకండి. కంపెనీ టెస్ట్ సిస్టమ్ మీదే నేర్చుకునే అవకాశం వస్తోంది కదా. డేటాబేస్ నుంచి కావాల్సిన వివరాలు బయటికి తీసే భాష ఎస్‌క్యూఎల్ కొంచెం వస్తే డేటాలో తప్పులు తనే పట్టుకోగలదు. కొనుగోలు ఆర్డర్ నుంచి సప్లయర్‌కి డబ్బు చెల్లించే దాకా పని ఎలా నడుస్తుందో బొమ్మ గీసి చూపించడం రావాలి. ఐఐటీల వాళ్లు ఆన్‌లైన్‌లో నడిపే ఎన్‌పీటెల్ కోర్సులు ఉచితంగా చదువుకోవచ్చు, పరీక్షకే ఫీజు.

ప్రాజెక్టు ఆగిపోయినా ఈ అనుభవం ఎక్కడికీ పోదు. బిజినెస్ అనలిస్ట్, ఎస్‌ఏపీ ఫంక్షనల్ కన్సల్టెంట్ ఉద్యోగాలకు ఇది పనికొస్తుంది. ఇంటర్వ్యూలో ‘నువ్వు స్వయంగా ఏం చేశావు’ అని తప్పకుండా అడుగుతారు. అందుకని వారం వారం తను చేసిన పనిని నోట్ చేసుకోమనండి, కంపెనీ డేటా మాత్రం అందులో రాయకూడదు.

గో-లైవ్ తర్వాత తన పోస్ట్ ఏమిటి, ఈలోగా అప్రైజల్ ఎవరు చేస్తారు అన్నవి లెటర్‌లో రాసిస్తే మంచిదే. ఇవ్వకపోతే, మాట్లాడుకున్నవన్నీ ఆ రోజే మేనేజర్‌కీ హెచ్‌ఆర్‌కీ మెయిల్ పెట్టమనండి. వాళ్ల జవాబు వచ్చాకే పాత సీటు అప్పగించాలి.