బోరు నీళ్లు కాచి తాగితే సరిపోతుందా? – సమాధానం

తమ్ముడూ, హసన్‌పర్తి దగ్గర మీ ఇంట్లో బోరు నీళ్లే తాగుతున్నామని, మీ ఆవిడ ఆరో నెల స్కానింగులో కడుపులో బిడ్డ బరువు తక్కువ అన్నారని, అప్పటి నుంచి ఆమెకు నీళ్లు కాచి ఇస్తున్నానని రాశావు. కాచడం వల్ల క్రిములు చస్తాయి, అంతే. నీళ్లలో కరిగి ఉండే నైట్రేట్, ఫ్లోరైడ్ లాంటి లవణాలు పోవు. నీళ్లు ఆవిరైన కొద్దీ అవి ఇంకా చిక్కబడతాయి కూడా. గిన్నె అడుగున తెల్లగా పేరుకునేది సున్నపు పొర. దాన్ని చూసి అవన్నీ దిగిపోయాయి అనుకోవద్దు.

షాపువాళ్లు చూపించే టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో చూపేది) కూడా ఇవి విడిగా చెప్పదు. బోరు ఐదు నిమిషాలు వదిలి, శుభ్రమైన లీటరు సీసాను అదే నీళ్లతో మూడుసార్లు కడిగి, నింపి, గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో ఇవ్వు. లీటరుకు నైట్రేట్ 45 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 1.5 దాటితే ఆ బోరు తాగడానికి పనికిరాదు. ఫ్లోరైడ్ 1 లోపు ఉంటేనే మంచిది. రిపోర్టు వచ్చేదాకా మిషన్ భగీరథ నల్లా నీళ్లు పట్టు, లేదంటే సరిగ్గా సర్వీస్ చేసిన ఆర్వో నీళ్లు. అన్నం, పప్పు వండేందుకూ అవే.

అయితే తప్పంతా నీళ్లదే అనుకోకు. నైట్రేట్‌కూ తక్కువ బరువుకూ సంబంధం ఉందని కొన్ని అధ్యయనాలు చెప్పాయి గానీ, మన దగ్గర రక్తహీనత కూడా ఒక పెద్ద కారణం. ఆమెకు హిమోగ్లోబిన్ ఎంతుందో రాయలేదు నువ్వు! ఐరన్ మాత్ర చాయ్‌తో వేసుకోవద్దని చెప్పు. తర్వాతి స్కానింగ్ ఎప్పుడో డాక్టరమ్మను అడుగు, దాన్ని వాయిదా వేయకు. పుట్టాక డబ్బాపాలు కలపాల్సి వస్తే ఆ బోరు నీళ్లు అసలే వద్దు.