ఏజెంట్ తెచ్చిన కాన్సర్ మాత్ర వేస్తున్నాం.. కస్టమ్స్‌తో ఇబ్బందా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు, ఊపిరితిత్తుల కాన్సర్. డాక్టర్ రాసిన మాత్రకు మన దేశంలో ఇంకా అనుమతి రాలేదు. పర్మిట్‌కు కాగితాలు పెడదామన్నారు. ఆలస్యమవుతుందని మేమే ఒక ఏజెంట్ ద్వారా తెప్పించి 3 వారాలుగా వేస్తున్నాం. ఈసారి దుబాయ్ నుంచి వస్తున్న మా బావతో తెప్పిద్దామనుకుంటున్నాం. కస్టమ్స్‌లో పట్టుకుంటారా? 10 రోజులుగా అమ్మకు పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ ఇచ్చారు.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కస్టమ్స్ సంగతి తర్వాత. మీరు చివర్లో రాసిన దగ్గు, ఆయాసమే నన్ను కంగారు పెడుతున్నాయి. కొన్ని టార్గెటెడ్ (కాన్సర్ కణాల్లోని మార్పులకే గురిపెట్టే) మాత్రల వల్ల ఊపిరితిత్తుల్లో వాపు రావచ్చు. అరుదే, కానీ వస్తే ప్రాణం మీదికి తెస్తుంది. ఇన్‌ఫెక్షన్ కావచ్చు, జబ్బు ముదరడం కావచ్చు, రక్తం గడ్డ కూడా కావచ్చు. ఆమెను చూడకుండా నేను తేల్చలేను. ఈరోజే మీ డాక్టర్‌కు ఫోన్ చేయండి. తర్వాతి మాత్ర వేయాలో ఆపాలో ఆయన చెప్పాకే. ఆక్సీమీటర్‌లో 94 కంటే తగ్గినా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా ఫోన్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఇక ఆ అజిత్రోమైసిన్. దగ్గు అనగానే దాన్ని చేతిలో పెట్టడం షాపులకు అలవాటైపోయింది, అడిగి తీసుకోవడం మనకూ అలవాటైపోయింది. అది గుండె లయను మార్చగలదు. కొన్ని కాన్సర్ మాత్రలూ అదే పని చేస్తాయి. అందుకే ఈసీజీ కూడా తీయించమని అడగండి. కాన్సర్ మందు వాడేవాళ్లకు గ్యాస్ మాత్ర కూడా అడగకుండా వేయకూడదు. కొన్ని మందులు దానితో కలిస్తే ఒంటికి సరిగా పట్టవు.

ఏజెంట్ సంగతి మీ డాక్టర్‌కు చెప్పారా? చెప్పలేదనే అనుకుంటున్నాను. తిడతారని దాచకండి (తిడతారు, నేనైనా తిడతాను). స్ట్రిప్, అట్టపెట్టె, బ్యాచ్ నంబరు తీసుకెళ్లండి. ఆడ్‌సెట్రిస్ అనే కాన్సర్ ఇంజెక్షన్‌కు నకిలీలు మన దేశంలోనూ దొరికాయని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. బిల్లు లేని మాత్రలో ఏముందో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

అనుమతి లేని మందును రోగి సొంత వాడకానికి తెప్పించుకునే వీలు 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లోనే ఉంది. డాక్టర్ ప్రిస్క్రిప్షన్ జతచేసి ఫారం 12ఏ పెడితే, కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు పరిశీలించి 12బీ పర్మిట్ ఇస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అయితే, ప్రాణాపాయ జబ్బులకు ఆసుపత్రే తెప్పించే దారి 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ రూల్స్‌లో విడిగా ఉంది. షరతులు ఉంటాయి, అక్కడే కనుక్కోండి.

మీ బావగారి సూట్‌కేసు మాటకొస్తే, నేను లాయర్‌ని కాను గానీ, లగేజీలో తెచ్చుకునే వెసులుబాటు ప్రయాణికుడి సొంత వాడకానికే, అదీ ఒక్కో మందు 100 డోసులకు మించకుండా. అత్తగారి మందుకు అది వర్తించదు. మీ డాక్టర్ అన్న రోజే కాగితాలు పెట్టి ఉంటే ఈపాటికి దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో తెలిసేది. ఇప్పుడైనా పెట్టండి. ప్రిస్క్రిప్షన్ మీద పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.