చిన్న పికప్‌కి స్నో ప్లౌ బిగించే ముందు

బాలానగర్, హైదరాబాద్

చిరంజీవి చిన్నాకు, మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు చెప్పిన మాట రెండు రోజులుగా నా మనసులోనే తిరుగుతోంది. నీ టకోమా పికప్‌కి స్నో ప్లౌ, అదే మంచు తోసే బ్లేడు, కట్టించుకుని, ఇంటి నుంచి రోడ్డుకి పోయే మీ డ్రైవ్‌వేతో పాటు చుట్టుపక్కల నాలుగిళ్లవీ తోస్తానన్నావు. పక్కింటి ముసలాయన పార పట్టుకుని రొప్పుతుంటే చూడలేకపోయానన్నావు చూడు, ఆ మాటకి నాకు చాలా సంతోషమేసింది. అమెరికాలో మీ గ్రాండ్ రాపిడ్స్ మంచు సంగతి నాకు తెలియనిది కాదు. చలిగాలి మిషిగన్ సరస్సు మీదుగా వస్తూ తడిని మోసుకొచ్చి, ఒడ్డు దాటగానే కుమ్మరిస్తుంది. నేనక్కడ 19 చలికాలాలు గడిపాను. అందులో 12 ఏళ్లు ప్లౌ బండి నడిపాను. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. మీ అమ్మకి ఇంకా చెప్పలేదు, వింటే టెన్షన్ పడుతుంది.

నువ్వు ధర అడిగావు, ఏ కంపెనీది మంచిదని అడిగావు. అవి తర్వాత. ముందు బరువు లెక్క తేలాలి.

డ్రైవర్ వైపు తలుపు తెరిచి, అది మూసుకునే చోట స్తంభం మీద చూడు. ఒక స్టిక్కర్ ఉంటుంది. అందులో జీఏడబ్ల్యూఆర్ ఫ్రంట్ అని ఒక అంకె ఉంటుంది. ముందు ఇరుసు మీద మొత్తం ఎంత బరువు పడవచ్చో చెప్పే అంకె అది. నువ్వూ, పక్కన కూర్చునేవాళ్లూ, ఇంజనూ, ప్లౌ, అన్నీ కలిపి దాన్ని దాటకూడదు. అదే స్టిక్కర్ మీద జీవీడబ్ల్యూఆర్ అని మొత్తం బండికి ఇంకో అంకె ఉంటుంది. అదీ దాటకూడదు. అయితే చిన్న బళ్లకి మొదట దెబ్బతినేది ముందు ఇరుసే.

ఇప్పుడు అసలు బరువెంతో తూయించాలి. హైవే మీద ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ ఉంటుంది. మన ధర్మకాంటా లాంటిదే, కాకపోతే ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ విడివిడిగా బరువు వేసి చీటీ ఇస్తుంది. ట్యాంకు నిండా పెట్రోలు పోయించి, మంచు కోట్లు వేసుకుని నువ్వూ అమ్మాయీ ఇద్దరూ కూర్చుని తూయించు. స్టిక్కర్ మీదున్న అంకెలోంచి ఆ చీటీ మీద ముందు ఇరుసు బరువు తీసెయ్. మిగిలిందే నీ చేతిలో ఉన్నది.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. బ్లేడూ, దాని సామానూ కలిపి 350 పౌండ్లని రాసుంటే, ముందు ఇరుసు మీద పడేది 350 అనుకుంటారు. అలా కాదు. రాణిగంజ్‌లో చూసుంటావు, ట్రాలీ ఆటోలో పొడుగు ఇనుప చువ్వలు వేస్తే తోక వెనక్కి వేలాడి, ముందు చక్రం తేలిపోయి, డ్రైవరు హ్యాండిల్ తిప్పినా బండి తిరగదు. ప్లౌ అదే పని ముందు వైపు నుంచి చేస్తుంది. నీ బండికి ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం 127 అంగుళాలనుకో. బ్లేడు బరువు ముందు ఇరుసుకి 48 అంగుళాలు ముందుగా వేలాడుతుందనుకో. అప్పుడు వెనక చక్రాల మీద నుంచి 132 పౌండ్లు తేలిపోతాయి. తేలిన ఆ 132 కూడా ముందుకే వచ్చి పడుతుంది. అంటే 350 పౌండ్ల ప్లౌ ముందు ఇరుసుకి 482 పౌండ్లు. కాగితం మీద నువ్వే వేసి చూసుకో, రెండు నిమిషాల లెక్క.

నేనా లెక్క వేయకుండానే మొదలుపెట్టాను. 1998లో అనుకుంటా, తెలిసినతని దగ్గర ఏడున్నర అడుగుల ఇనుప బ్లేడు సగం ధరకి వస్తోందని కొన్నాను. అది పెద్ద ట్రక్కు కోసం చేసింది. నా చిన్న పికప్‌కి బిగించాను. బిగింపు గట్టిగా కుదిరింది, బాలానగర్ లేత్ షాపులో పెరిగిన చేతులు కదా, కదలదు. కదలకపోతే చాలనుకున్నాను. వెనక ఒక్క ఇసుక బస్తా కూడా వెయ్యలేదు. మొదటి మంచుకే వీధి వాలులో బ్రేకు తొక్కితే బండి వెనక భాగం పక్కకి తిరిగిపోయి ఎవరిదో మెయిల్‌బాక్స్ విరిగింది. బుద్ధి రాలేదు. జనవరి కల్లా ముందు టైర్లు లోపలి అంచున అరిగిపోయాయి. ఫిబ్రవరిలో ఒకరోజు, మెల్లగా మలుపు తిరుగుతున్నాను, కింద టక్‌మని శబ్దం వచ్చింది. కుడి చక్రం బయటికి విరుచుకుని బండి ముక్కు నేలకి ఆనింది. చక్రాన్ని బండికి పట్టి ఉంచే కింది బాల్ జాయింట్ ఊడి వచ్చేసింది. మీ అత్తయ్య పక్క సీట్లో ఉంది. అంతకు గంట ముందు మేమిద్దరం అదే బండిలో హైవే మీద ఉన్నాం. ఆ గంట గుర్తొస్తే నాకు ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదేరా.

అందుకని, నీ బండికి సరిపడే ప్లౌ ఏదో నువ్వో నేనో తేల్చేది కాదు. వెస్టర్న్, ఫిషర్, మేయర్, బాస్ లాంటి కంపెనీలు బండి మోడల్, ఏడాది, క్యాబ్ రకం చెబితే దానికి ఏ బ్లేడు పనికొస్తుందో, వెనక ఎంత బరువు వెయ్యాలో చెబుతాయి. నీ మోడల్‌కి ఏమీ లేదని వస్తే అక్కడితో ఆపెయ్. షాపువాడు "పర్లేదు సార్, చాలామందికి వేశాం" అన్నా సరే వద్దు. ముందు స్ప్రింగులు గట్టివి వేస్తే సరిపోతుందని కూడా కొందరంటారు. గట్టి స్ప్రింగులతో బండి ముక్కు కిందికి వంగదు, అంతే. బాల్ జాయింట్లు, బేరింగులు, ఇరుసు మోసే శక్తి అలాగే ఉంటుంది. స్టిక్కర్ మీద అంకె మారదు.

బ్లేడు వెడల్పు దగ్గర కూడా ఒక సూక్ష్మం ఉంది. తేలిగ్గా ఉంటుంది కదా అని మరీ చిన్నది తీసుకోకు. మంచు పక్కకి పడాలంటే బ్లేడుని 30 డిగ్రీలు ఏటవాలుగా తిప్పుతాం. అలా తిప్పినప్పుడు ఆరున్నర అడుగుల బ్లేడు శుభ్రం చేసే దారి 67 అంగుళాలే. ఏడడుగులదైతే 72 దాటుతుంది. నీ ముందు టైర్ల బయటి అంచు నుంచి బయటి అంచుకి టేపు పెట్టి కొలువు. తిప్పిన బ్లేడు దారి అంతకన్నా తక్కువైతే టైర్లు మంచు తొక్కుతూ పోతాయి. తొక్కిన మంచు గడ్డకట్టి రాయి అవుతుంది, తర్వాత గీకినా రాదు. తేలిక రకంలో ఏడడుగుల దగ్గర్లో ఉన్నది నీకు సరిపోవచ్చు. ట్రిప్ స్ప్రింగులు ఉండి తీరాలి. మంచు కింద దాగిన సిమెంటు అంచు తగిలితే బ్లేడు ముందుకి వంగి దాటిపోవాలి, లేకపోతే ఆ దెబ్బంతా ఫ్రేముకీ నీ ఛాతీకీ తగులుతుంది.

బిగింపు సంగతి. నీ బండి కోసమే చేసిన మౌంట్ కొను, ఛాసిస్ ఫ్రేముకి బోల్టులతో బిగేది. బంపర్‌కి తగిలించేవి వద్దు. నాకు వెల్డింగ్ చేతనవును, అయినా ఫ్రేము మీద ఎప్పుడూ వెల్డింగ్ పెట్టలేదు. నువ్వూ ఎవర్నీ పెట్టనివ్వకు. ఆ వేడికి ఫ్రేము ఇనుము గుణం మారిపోతుంది, పగులు అక్కడే మొదలవుతుంది. పైగా ముందు భాగంలో ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లుంటాయి. సొంతంగా చేసిన బ్రాకెట్ వల్ల అవి పనిచెయ్యాల్సినప్పుడు చెయ్యకపోవచ్చు. బోల్టు తల మీద చూడు, నడిమి నుంచి ఆరు గీతలుంటే అది గ్రేడ్ 8. మూడే ఉంటే గ్రేడ్ 5. కిట్‌లో ఆరు గీతలవి ఇచ్చి ఉంటే, ఒకటి పోయినప్పుడు దగ్గర్లో దొరికింది కదా అని మూడు గీతలది వెయ్యకూడదు. పానాతో చేతికొద్దీ బిగించడం కాదు, ఎంత బిగువో కొలిచే టార్క్ రెంచితో పుస్తకంలో రాసినంత బిగించాలి. మొదటిసారి రెండు గంటలు మంచు తోసి వచ్చాక మళ్లీ ప్రతి బోల్టూ చూసుకో. కొత్త బిగింపు కొంచెం సర్దుకుంటుంది. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించు, హెడ్‌లైట్లు సరిచేయించు.

కరెంటు పని మంచివాడి చేత చేయించు. బ్లేడుని లేపే పంపు మోటారు ఆ క్షణంలో వంద ఆంపియర్లకి పైనే లాగుతుంది. దాని తీగ నేరుగా బ్యాటరీ నుంచి రావాలి, ఎర్త్ తీగ కూడా బ్యాటరీకే పోవాలి. పెయింటు మీద ఎర్త్ బిగిస్తే కరెంటు సరిగ్గా అందదు. తీగలు సైలెన్సర్ గొట్టానికి దూరంగా పోవాలి. క్యాబిన్‌లోకి వచ్చే చోట రేకు అంచుకి రబ్బరు వాషరు ఉండాలి. పాత బ్యాటరీతో చలికాలంలోకి దిగకు. బ్లేడు లేస్తే నీ లైట్లకి అడ్డం వస్తుంది, కాబట్టి ప్లౌ పైన వేరే లైట్లు తప్పనిసరి. ఇంకో చిన్న పని ఉంది, దాన్ని మాత్రం మానకు: ప్లౌకీ బండికీ కలిపే ప్లగ్గుల్లో డైఎలెక్ట్రిక్ గ్రీజు, అంటే తడి చేరనివ్వని, కరెంటు పారనివ్వని గ్రీజు, పూయాలి. రోడ్ల మీద చల్లే ఉప్పు నీళ్లు ఆ పిన్నుల్ని పచ్చగా చేసి తినేస్తాయి. తెల్లవారుజామున నాలుగింటికి మీట నొక్కితే బ్లేడు కదలకపోతే, పదిసార్లలో తొమ్మిదిసార్లు తప్పు ఆ ప్లగ్గులోనే ఉండేది నాకు. సీజన్ మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి విప్పి తుడిచి పూసుకో. హైడ్రాలిక్ ఆయిల్ కంపెనీ చెప్పిందే, ఏటా మార్చాలి.

ఇప్పుడు వెనక బరువు. కావడి గుర్తుంచుకో. ముందు బుట్టలో వేశాక వెనక బుట్టలో వెయ్యకపోతే భుజం మీద నిలవదు. 60 పౌండ్ల ఇసుక ట్యూబులు, పొడుగు ఇసుక బస్తాల్లాంటివి, అక్కడ దొరుకుతాయి. అయిదు తీసుకుని వెనక ఇరుసు వెనకాల, టెయిల్‌గేట్ వైపు వెయ్యి. క్యాబిన్‌కి ఆనించి వేస్తే ఉపయోగం లేదు, అది ఇరుసుకి ముందు చోటు. అవి ఇరుసుకి 36 అంగుళాలు వెనక ఉంటే ముందు ఇరుసు మీద నుంచి 85 పౌండ్లు తీసేస్తాయి. కదలకుండా చెక్క అడ్డాలు పెట్టి పట్టీలతో కట్టు. గట్టిగా బ్రేకు పడితే 300 పౌండ్లూ నీ వీపు మీదకి వస్తాయి. ప్లౌ తీసేసిన రోజు ఇసుక కూడా తీసెయ్. అన్నీ పెట్టుకున్నాక మళ్లీ క్యాట్ స్కేల్‌కి వెళ్లు. ఆ రెండో చీటీలో స్టిక్కర్ అంకెకి లోపల ఉన్నావంటేనే మంచులోకి దిగు.

నడపడం నీకు చేతనవును, ఎక్కువ చెప్పను. మంచు పూర్తిగా పడేదాకా ఆగకు. 10 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడుగున్న డ్రైవ్‌వే మీద అడుగు మందాన తడి మంచు పడితే, ఘనపుటడుగుకి 15 పౌండ్ల లెక్కన 9,000 పౌండ్లు. నాలుగు టన్నులు! చిన్న బండి అది తొయ్యలేదు. మూడు నాలుగు అంగుళాలు పడగానే ఒకసారి, మళ్లీ పడ్డాక ఇంకోసారి. నిద్ర పాడవుతుంది, బండి బతుకుతుంది. తోసేటప్పుడు గంటకి 15 కిలోమీటర్లు దాటకు. రివర్స్‌లోంచి డ్రైవ్‌లోకి మార్చే ముందు బండి పూర్తిగా ఆగాలి, గేర్‌బాక్సులు పోయేది అక్కడే. రోడ్డు మీద వెళ్తుంటే బ్లేడు రేడియేటర్‌కి గాలి అడ్డుకుంటుంది. వేడి ముల్లు మీద కన్నేసి, పైకెక్కుతుంటే బ్లేడు కొంచెం దించి, ఏటవాలుగా తిప్పుకో. నేల గడ్డకట్టక ముందే, నవంబరు మొదట్లోనే, డ్రైవ్‌వే అంచుల వెంట కర్రలు పాతుకో. మొదటి మంచునే వీలైనంత దూరం నెట్టు, ఫిబ్రవరికి చోటు కావాలి. రోడ్డు మీదకి మాత్రం తొయ్యకు, మిషిగన్‌లో అది చట్టరీత్యా తప్పు.

ఆ నాలుగిళ్ల వాళ్లు డబ్బులిస్తామంటే తీసుకునే ముందు ఇన్సూరెన్స్ ఏజెంట్‌కి ఫోన్ చెయ్యి. సొంత బండి పాలసీలు డబ్బు తీసుకుని చేసే పనికి చాలావరకు వర్తించవు. రాతపూర్వకంగా జవాబు తీసుకో.

బండి ఆపినప్పుడల్లా బ్లేడు నేలకి దించు. లేచి ఉన్న బ్లేడు కింద చెయ్యి, కాలు పెట్టకు. పాప బయట ఆడుకుంటుంటే తాళం చెవి నీ జేబులోనే ఉండాలి.

ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకముందు తలుపు దగ్గరి స్టిక్కర్, క్యాట్ స్కేల్ చీటీ, రెండూ ఫొటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. ఆ రెండూ వచ్చాక ఏ బ్లేడు అన్నది కూర్చుని మాట్లాడుకుందాం. నీకు పొద్దున అయితే నాకు రాత్రి, పదకొండు దాకా మెలకువగానే ఉంటాను.

మీ మామయ్య