దామన్‌జోడి వెళ్తున్న అమ్మలుకి

రాయగడ

చిరంజీవి అమ్మలుకి,

పెదనాన్న దీవెనలు. నీకు దామన్‌జోడి రిఫైనరీలో ట్రైనింగ్ కుదిరిందని మీ నాన్న ఫోన్ చేశాడు. చెప్పి ఊరుకోకుండా "అన్నయ్యా, నీకు తెలిసిన పెద్దాఫీసర్లు ఎవరైనా ఉంటే ఓ మాట వెయ్యి" అన్నాడు. వెయ్యను. మాట వేస్తే నిన్ను ఏసీ గదిలో కూర్చోబెట్టి, టీ తాగించి, చివర్లో సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపేస్తారు. ఆ మర్యాద నీ చదువుకి చేటు. అందుకే దాని బదులు ఈ ఉత్తరం. నేను పనిచేసిన ప్లాంట్లు వేరు, వాటి పేర్లు నీకు అనవసరం. కానీ పొగగొట్టం ఉన్న పెద్ద కంపెనీ ఏదైనా అందులో మనుషుల తీరు ఇంచుమించు ఒకటే.

వెళ్లే చోటు గురించి కాస్త తెలుసుకుని వెళ్లు. ఆ రిఫైనరీ నాల్కోది, అంటే ప్రభుత్వ రంగ నేషనల్ అల్యూమినియం కంపెనీది. నాల్కో 1981లో పుట్టింది, సాంకేతిక సహకారం ఫ్రాన్సుకు చెందిన పెషినే కంపెనీది. పంచపట్మాలి కొండ మీద తవ్విన బాక్సైటు, అంటే అల్యూమినియం ఖనిజం, 14.6 కిలోమీటర్ల కన్వేయర్ బెల్టు మీద రిఫైనరీకి దిగుతుంది. దాన్ని పొడి చేసి వేడి కాస్టిక్ సోడాలో వేస్తే అల్యూమినియానికి మూలమైన అల్యూమినా కరుగుతుంది, ఇనుమూ మిగతా చెత్తా ఎర్రమట్టిగా మిగిలిపోతాయి. మన తూర్పు కనుమల బాక్సైటు తేలిగ్గా కరిగే రకం. కొన్ని దేశాల ఖనిజానికి కావలసినంత వేడీ ఒత్తిడీ దీనికి అక్కర్లేదు. ఈ సంగతి తెలిస్తే ప్లాంటును అలా ఎందుకు కట్టారో సగం బోధపడుతుంది. "సర్, ప్రాసెస్ చెప్పండి" అని అడిగితే ఇంజినీరు గోడ మీద చార్టు చూపించి ఫోన్ అందుకుంటాడు. "సర్, డ్రాయింగులో ఈ వాల్వు మూసి ఉంది, ఇక్కడ తెరిచి ఉంది, ఎందుకు?" అని అడిగి చూడు, కుర్చీ జరుపుకుని నీకు ఎదురుగా కూర్చుంటాడు.

ప్రాజెక్టు అంటూ నీ చేతిలో ఏదో పెడతారు. పోయినేడు వచ్చిన పిల్లల రిపోర్టు కూడా ఇస్తారు, "ఇలాగే రాసెయ్యమ్మా" అని. నూటికి తొంభై మంది అలాగే రాసేస్తారు, కాలేజీలో మార్కులూ పడతాయి. నువ్వు మాత్రం మొత్తం రిఫైనరీ గురించి రాయకు. ఒక పంపు తీసుకో. స్లర్రీని, అంటే ఖనిజం పొడి కలిసిన చిక్కటి ద్రవాన్ని లాగే పంపు ఒక్కటి. దాని లోపల తిరిగే చక్రం, ఇంపెల్లర్, ఎన్నాళ్లకి అరుగుతుంది, షాఫ్టు చుట్టూ కారకుండా బిగించే గ్లాండ్ ఎందుకు కారుతుంది, పైపు లోపల స్కేలు, అంటే గట్టి పెచ్చు, ఎంత పేరుకుంటుంది, విడిభాగం కావాలంటే స్టోర్సులో ఎన్ని సంతకాలు పడతాయి. ఆ ఆఖరి ప్రశ్న వెనక పడితే కంపెనీ అంటే ఏమిటో నీకే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇండక్షన్ రోజున హెచ్ఆర్ వాళ్లు చూపించే స్లైడ్లలో కంపెనీ ఉండదు. షిఫ్టు మారేటప్పుడు ఉంటుంది. చాలా ప్లాంట్లలో పొద్దున్న ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పదింటికి షిఫ్టు మారుతుంది. నిన్ను పగటిపూట జనరల్ షిఫ్టులోనే పెడతారు కాబట్టి నీకు దొరికేది మధ్యాహ్నం రెండు. షిఫ్ట్ ఇన్‌ఛార్జిని అడిగి, ఒంటిగంటన్నరకే కంట్రోల్ రూములో ఓ మూల నిలబడు. వెళ్లేవాడు వచ్చేవాడికి నోటితో ఏం చెప్తున్నాడో విను, తరవాత లాగ్ బుక్కులో ఏం రాశాడో చూడు. రెండూ ఒకటి కావు. బుక్కులో "పంపు అబ్జర్వేషన్‌లో ఉంది" అని ఉంటుంది. నోటి మాట: "అది పోతుంది రా, స్పేర్ లేదు, నా షిఫ్టులో పోకుండా నెట్టుకొచ్చాను, ఇక నీ అదృష్టం." వాళ్లని దొంగలనుకోకు. బుక్కులో ఉన్నదున్నట్టు రాస్తే రేపు పొద్దున మీటింగులో "తెలిసీ ఎందుకు నడిపావు?" అని అడుగుతారు. ఆపితే "ఉత్పత్తి ఎందుకు ఆపావు?" అంటారు. ఆ రెండు ప్రశ్నల మధ్య ఇరుక్కున్నవాడు కనిపెట్టిన భాష అది.

ఒకచోట నేను చూసింది చెప్తాను. కాంట్రాక్టు హెల్పరు ఒకాయన ఉండేవాడు. ఆ ఫ్యాక్టరీకి భూమి పోయిన ఊరివాడే. ఇనప రాడ్డు ఒక కొస బేరింగు మీద, రెండో కొస చెవికి ఆనించి వినేవాడు. ఓ సాయంత్రం ఆపరేటరుతో "ఇది రాత్రి గడవదు బాబూ" అన్నాడు. ఆపరేటరు నమ్మాడు, జూనియర్ ఇంజినీరుకి చెప్పాడు. "రీడింగులు బాగానే ఉన్నాయి కదా" అన్నాడు ఇంజినీరు. వైబ్రేషన్ మీటరు అంకె నిజంగానే హద్దులోనే ఉంది. తెల్లవారుజామున షాఫ్టు విరిగింది. మనుషులకేమీ కాలేదు, లైను మాత్రం ఆగిపోయింది. తరవాత పెద్ద ఎంక్వయిరీ, పవర్‌పాయింటు, చివరికి "లూబ్రికేషన్ లోపం" అని తేల్చారు. విన్న మనిషిని పిలవలేదు. ఆయన్ని పిలవాలన్న ఆలోచనే ఆ గదిలో ఎవరికీ రాలేదు, ఎందుకంటే ఆయన కంపెనీ ఉద్యోగుల రోల్స్‌లో లేడు, గేటు పాసు రంగు వేరు. మాట పైనుంచి కిందికి నిమిషంలో దిగుతుంది. కిందనుంచి పైకి ఎక్కాలంటే ప్రతి మెట్టు మీదా ఒకడు దాన్ని కాస్త తుడిచి, కాస్త నునుపు చేసి పంపిస్తాడు.

ట్రైనీకి ఉన్న అదృష్టం ఏమిటంటే నువ్వు ఏ మెట్టు మీదా లేవు. నీ వల్ల ఎవరి ప్రమోషనూ ఆగదు, ఎవరి కాంట్రాక్టూ పోదు. అందుకే నీతో మాట్లాడతారు. హెల్పరు అన్నం తినే చోట కూర్చుని "ఈ శబ్దం ఎందుకొస్తోంది మామా?" అంటే చెప్తాడు. అదే ప్రశ్న మేనేజరు అడిగితే "ఏం లేదు సార్" అంటాడు. ఈ అదృష్టాన్ని జాగ్రత్తగా వాడు. విన్నది రిపోర్టులో రాస్తే పంపు నంబరు రాయి, లక్షణం రాయి. చెప్పినవాడి పేరు మాత్రం రాయకు, మెచ్చుకోలుగా కూడా రాయకు. "ఫలానా హెల్పరు చాలా సహకరించారు" అని నువ్వు కృతజ్ఞతతో రాసిన వాక్యం ఆయన్ని కాంట్రాక్టరు ముందు నిలబెడుతుంది, "నీకు లోపలి సంగతులు బయటి పిల్లలకి చెప్పే పనేమిటి?" అని. కృతజ్ఞత చూపించాలనుకుంటే వెళ్లేముందు స్వయంగా కలిసి చెప్పు.

ఫొటోలు తియ్యకు. వాట్సాప్ స్టేటస్సులో హెల్మెట్ ముచ్చట గేటు బయట తీసిన ఫొటోతో తీర్చుకో.

మనవాళ్ల సంగతి. కొరాపుట్ జిల్లా ప్లాంట్లలో తెలుగువాళ్లకి కొదవ లేదు. ఇంటిపేరు అడుగుతారు, ఊరు అడుగుతారు, అడగకుండానే కులం లెక్క కట్టేస్తారు. ఆదివారం భోజనానికి పిలుస్తారు. వెళ్లు, చేపల పులుసు తిను, మొహమాటపడకు. కానీ క్యాంటీనులో రోజూ ఆ బల్ల దగ్గరే కూర్చోకు. అక్కడ వినిపించేది ఒక వర్గం కథ మాత్రమే: ఫలానా ఒడియా సాబు మనవాళ్లని తొక్కేస్తున్నాడని. పక్క బల్ల మీద ఇదే కథ తిరగేసి నడుస్తుంటుంది. నువ్వు రాయగడ పిల్లవి, ఒడియా బళ్లో చదివినదానివి, రెండు బల్లల దగ్గరా కూర్చోగలవు. హైదరాబాదు నుంచి వచ్చే ట్రైనీకి ఆ వీలు లేదు.

"చూద్దాం" అన్నారంటే కాదని అర్థం, ఏ భాషలో అన్నా. రెండుసార్లు "చూద్దాం" విన్నాక మూడోసారి అడగకు, ఇంకొకరిని అడుగు. సాయంత్రం అయిదున్నరకి అందరూ బాసు లేచేదాకా ఊరికే కూర్చుంటారు. నువ్వు కూర్చోనక్కర్లేదు, "సర్, ఈవాళ్టికి నా పని అయింది" అని చెప్పి బయల్దేరు. మొదటిరోజు వింతగా చూస్తారు, తరవాత అలవాటు పడతారు.

ఇక్కణ్ణుంచి మీ పెద్దమ్మ పక్కన కూర్చుని చెప్తోంది, నేను రాస్తున్నాను. ప్లాంటు లోపల ఆడవాళ్ల టాయిలెట్లు చాలాచోట్ల దూరంగా ఉంటాయి. మొదటిరోజే ఎక్కడున్నాయో చూసుకో, దానికి భయపడి నీళ్లు తాగడం మానకు. ఎవరైనా అసభ్యంగా మాట్లాడినా, ప్రవర్తించినా, "ట్రైనీని కదా, నాకేం హక్కుంది?" అనుకోవద్దు. పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులకి వ్యతిరేకంగా వచ్చిన 2013 చట్టంలో ట్రైనీలూ, అప్రెంటిసులూ, కాంట్రాక్టు వాళ్లూ అందరూ లెక్కలోకి వస్తారు. పదిమందీ అంతకు మించీ పనిచేసే ప్రతిచోటా ఈ ఫిర్యాదులు వినే ఇంటర్నల్ కమిటీ ఉండి తీరాలి, దానికి అధ్యక్షత వహించేది స్త్రీయే. జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి. సభ్యుల పేర్లు నోటీసు బోర్డు మీద ఉంటాయి, వెళ్లిన వారంలోనే రాసి పెట్టుకో. ముందు మాకు ఫోన్ చెయ్యి, రాత్రి ఎన్నింటికైనా.

కాస్టిక్ విషయంలో మాత్రం నా మాట కాదనకు. చర్మం మీద పడితే ముందు జారుడుగా, సబ్బులా ఉంటుంది, మంట ఆలస్యంగా తెలియొచ్చు. ఆలోపే అది లోపలికి పని మొదలుపెడుతుంది. ఏ యూనిట్లో అడుగుపెట్టినా మొదట ఎమర్జెన్సీ షవరు ఎక్కడుందో చూడు, లాగితే నీళ్లొస్తాయో లేదో అక్కడివాళ్లని అడుగు. గాగుల్స్ తలమీద పెట్టుకుని తిరిగే ఆఫీసరు పక్కన నడుస్తున్నా నువ్వు మాత్రం కళ్లకే పెట్టుకో.

డబ్బుల మాట మీ నాన్నతో ముందే మాట్లాడుకోండి. ప్రభుత్వ రంగ సంస్థల్లో చాలాచోట్ల ఇలాంటి ట్రైనింగుకి స్టైపెండ్ ఉండదు, కొన్నిచోట్ల ఎదురు ఫీజు కూడా కట్టించుకుంటారు. మెస్సు, గది అద్దె మనవే.

సర్టిఫికెట్ కోసం ఆఖరి రోజు దాకా ఆగకు. సంతకం పెట్టే సారు సరిగ్గా ఆరోజే టూరులో ఉంటాడు. వారం ముందే డ్రాఫ్టు ఇచ్చి, నీ పేరులో అక్షరాలు మార్కు లిస్టులో ఉన్నట్టే ఉన్నాయో లేదో సరిచూసుకో. ఆధార్ జిరాక్సులు, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, కాలేజీ లెటరు ఒరిజినలు ఒక ఫైల్లో పెట్టుకో. జూన్ వస్తే ఆ కొండల మీద వాన తెగదు, గొడుగు గాలికి నిలవదు. రెయిన్‌కోటు ఇక్కడే కొని ఉంచాం, హీరాఖండ్ రైలు ఎక్కే ముందు ఇంటికొచ్చి తీసుకెళ్లు.

పెదనాన్న